ఒక్కసారే ఇల్లు మారాలి: పాత కాలనీలో 36 అంతస్తుల టవర్ డిజైన్ కథ

చుట్టూ అన్నీ ఐదంతస్తుల బిల్డింగులే, మధ్యలో ఇంత ఎత్తు ఎందుకని ఈ టవర్ చూసినవాళ్లందరూ అడుగుతారు. స్థలం ఖరీదు వల్ల అనుకుంటారు కొందరు, ఆర్కిటెక్టుల సరదా అనుకుంటారు ఇంకొందరు. నిజానికి ఆ ఎత్తును నిర్ణయించింది ఒక మాట: కాలనీలో ఉన్న ఏ కుటుంబమూ రెండుసార్లు ఇల్లు మారకూడదు. డిజైన్ టీమ్ లీడ్‌గా నేను చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ ఒక్క మాటకు లెక్కలు కట్టడమే. క్లయింటుతో ఒప్పందం ఉంది కాబట్టి ఊరు పేరు, ప్రాజెక్టు పేరు రాయడం లేదు.

స్థలం ఇలా ఉండేది. నాలుగు పొడవాటి బ్లాకులు, ఒక్కోదానిలో 48 ఇళ్లు, లిఫ్టు లేదు. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీట్ పలకలు తెచ్చి నిలబెట్టిన కట్టడాలు. ప్యానెళ్ల అతుకుల్లో నీరు దిగేది, పై అంతస్తుల్లో ముసలివాళ్లు నెలల తరబడి కిందికి దిగేవాళ్లు కాదు. ఒక మూల, ఒకప్పుడు కాలనీ మొత్తానికి వేడినీళ్లు ఇచ్చిన బాయిలర్ హౌస్ ఉంది. అది మూతబడి చాలా కాలమైంది. స్థలంలో జనం లేని చోటు అదొక్కటే.

పునరభివృద్ధి ప్రాజెక్టుల్లో మామూలుగా జరిగేది అందరికీ తెలుసు. ముందు జనాన్ని ఖాళీ చేయిస్తారు, అద్దె ఇళ్లకు పంపిస్తారు, 'రెండేళ్లలో తిరిగి వచ్చేయొచ్చు' అంటారు. రెండు నాలుగవుతుంది. ఈలోపు పిల్లలు వేరే స్కూళ్లలో చేరతారు, పెద్దవాళ్లు కొందరు పోతారు, కొందరు విసిగిపోయి వచ్చిన డబ్బు తీసుకుని సర్దుకుంటారు. కొత్త బిల్డింగ్ తయారయ్యేసరికి పాత కాలనీ కాగితం మీదే మిగులుతుంది. ఇక్కడి నివాసుల సంఘం వాళ్లకు ఈ సంగతి మాకంటే బాగా తెలుసు. మొదటి సమావేశంలో వాళ్లు డ్రాయింగులు చూడలేదు. మమ్మల్ని ఎక్కడికి పంపుతారు, ఎన్నాళ్లు అని మాత్రమే అడిగారు.

అందుకే క్రమం తిరగేశాం. బాయిలర్ హౌస్ ఉన్న మూలలో టవర్ ముందు లేవాలి. పాత బ్లాకుల్లో వాళ్లు నేరుగా అందులోకి మారాలి. ఆ తర్వాతే పాతవి కూల్చాలి. ఖాళీ అయిన నేల మీద మిగతా దశలు లేవాలి.

కూల్చాలా, నిలపాలా

ఈ ప్రశ్నను చాలామంది ఒక పేజీలో దాటేస్తారు. మేం దీని మీద చాలాసేపు ఆగాం. ప్యారిస్‌లో బ్వా-ల-ప్రెత్ర్ టవర్ ఉదాహరణ మా టేబుల్ మీద ఎప్పుడూ ఉండేది. 1960ల నాటి ఆ టవర్‌ను కూల్చే ఆలోచన వచ్చినప్పుడు ఆర్కిటెక్టులు లాకటన్, వాసాల్, ద్రువో కలిసి దాన్ని నిలబెట్టి, పాత గోడ తీసేసి, ఇంటింటికీ బయటివైపు వింటర్ గార్డెన్ (మూసి తెరవగల వరండా), బాల్కనీ చేర్చారు. 2011లో పని పూర్తయింది. పని జరుగుతున్నప్పుడు జనం ఆ ఇళ్లలోనే ఉన్నారు. లాకటన్, వాసాల్‌లకు 2021లో ఆర్కిటెక్టులకు ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. బహుమతి సంగతి ఎలా ఉన్నా, ఇల్లు ఖాళీ చేయించకుండా ఇల్లు పెంచవచ్చని అది కట్టి చూపించింది.

మా దగ్గర మూడు బ్లాకుల ప్యానెల్ అతుకుల్లో ఇనుము బాగా తుప్పు పట్టింది. కొత్త బాల్కనీ బరువును వేరే కాళ్ల మీద నిలబెట్టినా, పాత పలకలను పట్టి ఉంచే జాయింట్లను నమ్మలేం. ఇలాంటి కట్టడాల విషయంలో లండన్‌లోని రోనన్ పాయింట్ గుర్తుకురాని ఇంజనీరు ఉండడు. 1968 మే 16న 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక గోడ పలక ఊడిపోతే, ఆ మూల పై నుంచి కింది దాకా కూలింది. నలుగురు చనిపోయారు. అక్కడ పలకలు ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉన్నాయే కానీ, ఒకదాన్నొకటి పట్టుకుని లేవు. మా నాలుగో బ్లాకు తర్వాతి కాలానిది, జాయింట్లు గట్టిగా ఉన్నాయి. దాన్ని నిలుపుకున్నాం. బయట లిఫ్టు టవర్, లోతైన బాల్కనీలు చేర్చాం, ఆ 48 కుటుంబాలు కదలలేదు. ఎత్తు పెరిగేకొద్దీ చదరపు మీటరుకు పట్టే కాంక్రీటు, స్టీలు పెరుగుతాయి. అంటే టవర్‌తో పోలిస్తే పాతదాన్ని నిలుపుకోవడమే కార్బన్ లెక్కలో (కట్టడానికి వెలువడే కార్బన్ డయాక్సైడ్ లెక్కలో) దాదాపు ఎప్పుడూ చౌక. నన్నడిగితే, ఈ ప్రాజెక్టు మొత్తంలో మంచి డిజైన్ నిర్ణయం ఆ నాలుగో బ్లాకే. ఫొటోల్లో మాత్రం దానికి చోటు దొరకదు.

లెక్క

కూల్చే మూడు బ్లాకుల్లో 144 కుటుంబాలు. బాయిలర్ హౌస్ స్థలంలో, పక్క బ్లాకుల కిటికీల నుంచి వదలాల్సిన దూరం వదిలితే, 22 మీటర్లు వెడల్పు, 34 మీటర్లు పొడవు ఉన్న ప్లేట్ (ఒక అంతస్తు పరుచుకునే చోటు) మాత్రమే పడుతుంది. అంతస్తుకు ఏడు ఫ్లాట్లు. 144ని ఏడుతో భాగిస్తే 21 అంతస్తులు. ఒక్కసారే ఇల్లు మారాలన్న మాటకు అయ్యే ఎత్తు అది.

మిగతా 13 అంతస్తులు డబ్బు కోసం. దాచిపెట్టాల్సిన పని లేదు. పాత కుటుంబాలకు ఇళ్లు ఇవ్వడానికి, నాలుగో బ్లాకు బాగుచేయడానికి అయ్యే ఖర్చు అమ్మకపు ఫ్లాట్ల నుంచే రావాలి. మొత్తం 34 నివాస అంతస్తులు, 238 ఫ్లాట్లు, అందులో 94 అమ్మకానికి. కింద టవర్ కంటే వెడల్పుగా ఉన్న రెండు అంతస్తుల పోడియం కలిపితే 36. ఎత్తు సుమారు 115 మీటర్లు.

ఫైనాన్స్ టీమ్ ఇంకో ఆరు అంతస్తులు అడిగింది. ఒప్పుకోలేదు. కారణం ఆకాశంలో లేదు, కోర్‌లో ఉంది, అంటే లిఫ్టులు, మెట్లు, పైపులు నిలువుగా వెళ్లే మధ్యభాగంలో. ఆ ఆరు చేరిస్తే ఐదో లిఫ్టు కావాలి, నీళ్లకు ఇంకో జోన్ (ఒకే ట్యాంకు, ఒకే ఒత్తిడి మీద నడిచే అంతస్తుల గుంపు) కావాలి, పొగ చొరబడకుండా మెట్ల షాఫ్టుల్లో గాలి ఒత్తిడి పెంచే ఫ్యాన్లు పెద్దవి కావాలి. ఇవన్నీ ప్రతి అంతస్తులోనూ చోటు తింటాయి. 22 మీటర్ల ప్లేట్‌లో ఒక లిఫ్టు షాఫ్టు పెరిగితే ఏడు ఫ్లాట్లలో ఒకదానికి పడకగది పోతుంది. అంటే ఆరు అంతస్తులు అమ్మి తెచ్చింది, కింది 34 అంతస్తుల్లో తరుగు కింద పోతుంది. ఈ లెక్క స్ప్రెడ్‌షీట్‌లో కనపడదు, ప్లాన్ గీస్తేనే కనపడుతుంది.

గోడలే నిర్మాణం

స్ట్రక్చర్ సంగతి. మధ్యలో కోర్, ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య ఉన్న గోడలన్నీ 200 మిల్లీమీటర్ల కాంక్రీట్ షియర్ గోడలు (పక్క తోపును తట్టుకునేవి). స్తంభాలు దాదాపు లేవు. దీనివల్ల మూడు పనులు ఒకేసారి జరిగాయి: పక్కకు ఊగకుండా బిగువు, పక్కింటి టీవీ వినపడకుండా శబ్ద నిరోధం, మంటను ఇంటి లోపలే ఆపే గోడ. కాంక్రీటు పోసే అల్యూమినియం అచ్చులతో (ఫారమ్‌వర్క్) గోడ, స్లాబ్ కలిపి ఒకే పోతలో పోయవచ్చు కాబట్టి అంతస్తు తర్వాత అంతస్తు ఒకే లయలో లేచింది.

ఇబ్బంది కిందికి వచ్చేసరికి మొదలవుతుంది. గోడలు ఇళ్లకు సరిపోతాయి, నేల అంతస్తుకు సరిపోవు. అక్కడ అందరూ కోరేది పెద్ద హాలు, పెద్ద షాపు. మామూలు పరిష్కారం ట్రాన్స్‌ఫర్ స్లాబ్: పై గోడల బరువంతా మనిషెత్తు దూలాల మీద మోయించి, కింద కొన్ని స్తంభాలతో ఖాళీ చేయడం. కాంక్రీటు విపరీతంగా పడుతుంది, నెలల టైమ్ తింటుంది, భవనం బిగువు సరిగ్గా ఎక్కువ కావలసిన చోటే తగ్గిపోతుంది. మేం గోడలను తిన్నగా పునాది దాకా దించాం. నేల అంతస్తులో పెద్ద హాలు ఆశ వదులుకున్నాం. బదులుగా చిన్న చిన్న వాటాలు వచ్చాయి: పసిపిల్లల కేంద్రం, క్లినిక్, రిపేరు దుకాణాలు. సూపర్‌మార్కెట్ వస్తుందని ఆశ పెట్టుకున్నవాళ్లు గొణిగారు. కానీ పాత కాలనీలో బతుకుతెరువు పెట్టుకున్న చిన్న వ్యాపారాలకు అద్దె కట్టగలిగే సైజు గది దొరికింది.

గోడల పద్ధతిలో ఇంకో లోపం, తర్వాత ఎప్పుడూ ఇల్లు మార్చుకోలేరు. స్తంభాల బిల్డింగులో రెండు ఫ్లాట్లు కలపాలంటే ఇటుక గోడ తీస్తే చాలు. ఇక్కడ తాకకూడదు. అందుకని ప్రతి అంతస్తులో ఒక జత ఫ్లాట్ల మధ్య గోడలో, గుమ్మం సైజు ఖాళీ చుట్టూ అదనపు ఇనుము కట్టి, ఆ ఖాళీని మాత్రం బ్లాకులతో పూడ్చాం. పెళ్లైన కొడుకు పక్క ఫ్లాట్లో ఉంటే ఆ గుమ్మం తెరుచుకోవచ్చు. ఎక్కడెక్కడ ఉందో ఆ ఫ్లాట్ల కాగితాల్లో రాసి ఇచ్చాం. ఇది రాసి ఇవ్వకపోతే పదేళ్లకు ఎవరో తప్పు గోడకు డ్రిల్లు పెడతారు.

గాలి: పైన అనుకున్నది కింద దొరికింది

సన్నటి టవర్ అనగానే అందరికీ ఊగుతుందేమోనని టెన్షన్. తొలి అంచనాకు ఇంజనీర్లు వాడే చిన్న సూత్రం ఉంది: 46ని మీటర్లలో ఎత్తుతో భాగిస్తే మొదటి సహజ పౌనఃపున్యం, అంటే భవనం తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. 115 మీటర్లకు అది 0.4 హెర్ట్జ్, అంటే ఒక ఊపుకు రెండున్నర సెకన్లు. గాలి భవనం పక్కల నుంచి సుడులుగా విడిపోయే వేగం ఈ లయతో కలిస్తే ప్రమాదం. సుడుల లయను గాలి వేగంతో, భవనం వెడల్పుతో ముడిపెట్టే స్ట్రోహల్ సంఖ్య చదరపు ఆకారానికి 0.12 దగ్గర ఉంటుంది. 0.4ని 22 మీటర్లతో గుణించి 0.12తో భాగిస్తే సెకనుకు 73 మీటర్లు, అంటే గంటకు 260 కిలోమీటర్లు దాటిన గాలి. డిజైన్‌కు తీసుకున్న గరిష్ఠ గాలి వేగం దానికంటే చాలా తక్కువ. కాబట్టి మూలలు గుండ్రం చేయాలి, పైన ఊపును తగ్గించే డ్యాంపర్ పెట్టాలి అన్న చర్చ అక్కడితో ఆగింది. నివాస టవర్లలో పదేళ్లకోసారి వచ్చే గాలికి పై అంతస్తు కదలిక త్వరణాన్ని 15 మిల్లీ-జి (గురుత్వాకర్షణ త్వరణంలో వెయ్యింట 15 వంతులు) చుట్టుపక్కల ఉంచడం వాడుకలో ఉన్న హద్దు. విండ్ టన్నెల్ (చిన్న మోడల్ మీద గాలి వదిలి చూసే పరీక్ష) ఫలితం దానికి బాగా లోపలే వచ్చింది.

అసలు సమస్య నేల మీద. ఎత్తైన గోడకు గాలి తగిలినప్పుడు, దాదాపు మూడింట రెండు వంతుల ఎత్తు దగ్గర అది చీలుతుంది. పైభాగం పైకెక్కి పోతుంది, కిందిభాగం గోడ వెంట జారి నేలకు దిగి, మూలల దగ్గర వేగం పుంజుకుంటుంది. చుట్టూ ఐదంతస్తుల ఇళ్లుండి మధ్యలో ఒక టవర్ ఉంటే ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే పైనున్న వేగమైన గాలిని పట్టి కిందికి తెచ్చేది అదొక్కటే. రెండంతస్తుల పోడియం నాలుగువైపులా బయటికి చాచి ఉన్నది అందుకే. జారే గాలి పోడియం కప్పు మీద పడి పక్కకు పోతుంది, గుమ్మం దగ్గర మనిషి మీద పడదు.

పునరభివృద్ధి వల్ల ఇక్కడో ప్రత్యేకమైన చిక్కు ఉంది. విండ్ టన్నెల్‌కు మామూలుగా రెండు మోడళ్లు పంపుతారు, ఇప్పటి పరిస్థితి ఒకటి, అంతా కట్టాక ఒకటి. మేం మధ్య దశను కూడా పంపాం: టవర్ లేచింది, పాత మూడు బ్లాకులు పోయాయి, కొత్తవి ఇంకా లేవలేదు. ఫలితాల్లో అన్నింటికంటే చెడ్డది అదే. అడ్డు లేని ఖాళీ నేల మీదుగా గాలి నేరుగా టవర్ మూలకు వస్తోంది. నేల మీద గాలి ఎంతవరకు ఉంటే మనిషికి ఇబ్బంది లేదో చెప్పే లాసన్ ప్రమాణాల ప్రకారం, కూర్చునే చోట గాలి సెకనుకు 4 మీటర్లను, నిలబడే చోట 6 మీటర్లను, తీరిగ్గా నడిచే చోట 8 మీటర్లను ఏడాదిలో 5 శాతం సమయం కంటే ఎక్కువ దాటకూడదు. మధ్య దశలో ప్రధాన ద్వారం మూల నిలబడటానికి కాదుకదా, తీరిగ్గా నడవడానికీ పనికిరాలేదు. ఆ దశ కాగితం మీద 'తాత్కాలికం'. అక్కడుండే పిల్లలకు మాత్రం అది నాలుగైదేళ్ల బాల్యం. ప్రధాన ద్వారాన్ని పొడవు వైపు మధ్యకు జరిపాం. చిల్లుల స్టీలు రేకుతో నిలువు తెరలు పెట్టాం. చివరి దశ చెట్లను ముందే నాటించాం.

నీడ

పక్క కాలనీవాళ్ల అభ్యంతరం నీడ గురించి. సన్నటి టవర్ నీడ పొడవుగా పడుతుంది, కానీ ఎక్కడా ఎక్కువసేపు ఆగదు. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. 22 మీటర్ల వెడల్పు భవనం నూరు మీటర్ల దూరం నుంచి చూస్తే 12, 13 డిగ్రీలే. అంటే అక్కడి మనిషికి ఉజ్జాయింపుగా గంటలోపు సూర్యుడు కనపడడు. అదే 60 మీటర్ల పొడవున్న పాత బ్లాకు, 20 మీటర్ల దూరంలో ఉన్నవాడికి నూరు డిగ్రీలకు పైగా కప్పేస్తుంది. ఎండ వాలి ఉన్న కాలంలో పగలంతా నీడే. బ్రిటన్‌లో బీఆర్ఈ అనే భవన పరిశోధన సంస్థ మార్గదర్శకం ప్రకారం, మార్చి 21న ఆరుబయలు స్థలంలో కనీసం సగానికి రెండు గంటల ఎండ తగలాలి. మేం దాన్నే కొలబద్దగా పెట్టుకుని, ఇరుకువైపు మధ్యాహ్నపు సూర్యుడికి ఎదురుగా నిలబెట్టాం. అయితే దీనికి మూల్యం ఉంది. పొడవాటి గోడలు రెండూ తూర్పు, పడమరలకు తిరిగాయి, సాయంత్రం ఎండ తిన్నగా గదుల్లోకి వస్తుంది. కిటికీలను గోడ వైశాల్యంలో 35 శాతం దగ్గర ఆపాం, లోపలికి నెట్టి బిగించాం, బయట జరిపే షట్టర్లు పెట్టాం. అమ్మకాల టీమ్‌కు నేల నుంచి కప్పు దాకా గాజు కావాలి. పడమటి గోడకు గాజు పెట్టి, ఆ వేడిని తీయడానికి కరెంటు బిల్లు కట్టమని పాత కాలనీవాళ్లకు చెప్పడం ఎలా?

మెయింటెనెన్స్ ఛార్జీయే అసలు క్లయింటు

ఇక్కడికి వచ్చాం. ఇల్లు ఇవ్వడం ఒక ఎత్తు, ఆ ఇంట్లో నిలబెట్టడం ఒక ఎత్తు. పాత బ్లాకులో లిఫ్టు లేదు, పంపు లేదు, ఫైర్ సిస్టమ్ లేదు, కాబట్టి నెలసరి ఖర్చు దాదాపు ఏమీ లేదు. టవర్‌లో ఇవన్నీ ఉంటాయి. నెలనెలా ఛార్జీ కట్టలేక మూడేళ్లకు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతే, ఒక్కసారే మారాలన్న మాట నిలబడినట్టు కాదు.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ ఇళ్ల కాలనీ కథను అందరూ ఆర్కిటెక్చర్ వైఫల్యంగా చెబుతారు. 1950లలో కట్టిన 33 బ్లాకులు, ఒక్కోటి 11 అంతస్తులు, కూల్చివేత మొదలైంది 1972లో. కానీ అక్కడ మరమ్మతులకు డబ్బు రావాల్సింది అద్దెల నుంచి. జనం ఖాళీ చేసేకొద్దీ ఆ డబ్బు తగ్గింది, మరమ్మతులు ఆగాయి, ఇంకొంతమంది ఖాళీ చేశారు. కట్టేటప్పుడే, ఖర్చు మిగల్చడానికి లిఫ్టులను ప్రతి అంతస్తులో ఆపకుండా మూడంతస్తులకోసారి ఆపారు. మా వేల్యూ ఇంజనీరింగ్ (ఖర్చు తగ్గించే) మీటింగులో కూడా 'రెండంతస్తులకోసారి ఆపితే తలుపులు సగం మిగులుతాయి' అన్న మాట వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఐదంతస్తులు ఎక్కినవాళ్ల కోసం కడుతున్న బిల్డింగ్ ఇది. ఆ కాగితం అక్కడే పక్కన పెట్టించాను.

అప్పటి నుంచి ప్రతి వస్తువుకూ రెండు ధరలు అడగడం మొదలుపెట్టాం: కొనేటప్పుడు ఎంత, ముప్పై ఏళ్లు నడపడానికి ఎంత. రెండో ధర చాలామంది సప్లయర్ల దగ్గర ఉండదు. పట్టుబడితే తెస్తారు. ఈ ప్రశ్న డిజైన్‌ను ఎలా మార్చిందో కొన్ని చెబుతాను.

గోడ బయటివైపు ఇటుక ముఖం ఉన్న ప్రీకాస్ట్ (ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన) ప్యానెళ్లు. రంగు వేయక్కర్లేదు. కిటికీలు అన్నీ లోపలికి తెరుచుకుంటాయి, ఎవరి గాజు వాళ్లు తుడుచుకోవచ్చు. పైకప్పు మీద ఊయల తొట్టి, దాన్ని నడిపే కాంట్రాక్టు అక్కర్లేదు. ఒక్కో కిటికీకి పట్టిన అదనపు ఖర్చు చూసి మొదట అందరూ ఉలిక్కిపడ్డారు, ముప్పై ఏళ్ల లెక్క చూశాక తగ్గారు.

నీళ్లు. ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి. 115 మీటర్ల పైపును ఒకే గొట్టంగా దించితే కింది కుళాయిల దగ్గర పదకొండు బార్ దాటుతుంది, వాషర్లు వారానికొకటి పోతాయి. మూడు జోన్లు చేశాం. కింది జోన్‌కు పెద్ద పంపు పనే లేకుండా, మధ్యలో ఉన్న ట్యాంకు నుంచి నీరు దానంతట అది దిగేలా చూశాం. అన్ని నీళ్లనూ పైదాకా ఎక్కించి వాల్వులతో ఒత్తిడి తగ్గించడం కట్టేవాడికి సులువు, కరెంటు బిల్లు కట్టేవాడికి దండగ.

పైన స్కై గార్డెన్ పెట్టలేదు. సింగపూర్‌లో పినాకిల్ ఎట్ డక్స్‌టన్ చూసినవాళ్లు అది ఎందుకు లేదని అడుగుతారు. అది కూడా పాత హెచ్‌డీబీ (సింగపూర్ ప్రభుత్వ గృహ సంస్థ) బ్లాకుల స్థలంలో వచ్చిందే, 2009లో పూర్తయింది. ఏడు టవర్లు, 50 అంతస్తులు, 26వ, 50వ అంతస్తుల్లో టవర్లన్నిటినీ కలిపే ఆకాశ వంతెనలు. అద్భుతంగా ఉంటుంది. కానీ అక్కడ ఆ తోటల ఖర్చు పంచుకునేది 1,848 ఇళ్లు. ఇక్కడ 238. ఉమ్మడి గది కావాలనుకున్నాం, దాన్ని పోడియం మీద, లిఫ్టు ఎక్కే దారిలోనే పెట్టాం. అందరూ రోజూ దాని ముందు నుంచే వెళ్తారు. తాళం వేసి ఉంటే ఆ రోజే అందరికీ తెలుస్తుంది.

జిమ్, ఈతకొలను తీసేశాం. అమ్మకాల టీమ్‌తో పెద్ద గొడవ అయ్యింది ఇక్కడే. బ్రోషర్‌లో రాయడానికి ఏమీ మిగల్లేదన్నారు. నెలసరి ఛార్జీ తక్కువని రాయమన్నాం. రాశారు.

ఒకే గుమ్మం

2014 ప్రాంతంలో న్యూయార్క్, లండన్‌లలో 'పూర్ డోర్' వివాదం నడిచింది. కొత్త టవర్లలో డబ్బున్నవాళ్లకు ఒక ద్వారం, తక్కువ అద్దె ఇళ్లవాళ్లకు పక్కసందులో ఇంకో ద్వారం. తప్పే, కానీ దాని వెనక దురహంకారం ఒక్కటే లేదు. పాలరాయి లాబీ, రాత్రింబగళ్లు మనిషి ఉండే రిసెప్షన్ ఖర్చు అందరి మీదా వేస్తే తక్కువ ఆదాయం వాళ్లు మోయలేరు, అందుకే విడగొట్టామని బిల్డర్లు వాదించారు. ఆ వాదనకు సమాధానం గుమ్మాలు విడగొట్టడం కాదు, లాబీ ఖర్చు తగ్గించడం. మా లాబీలో గచ్చు నేల, ఉత్తరాల పెట్టెలు, బెంచీలు, పగటి వెలుగు ఉన్నాయి. గుమ్మం ఒకటే, లిఫ్టులు అందరివీ.

ఎవరు ఏ అంతస్తులో? కింది 26 అంతస్తుల్లో పాతవాళ్లు, కొనుక్కున్నవాళ్లు కలిసి ఉంటారు. పై ఎనిమిదింటిలో మాత్రం అన్నీ అమ్మకపు ఫ్లాట్లే. పూర్తిగా కలపాలని నాకుండేది. పై అంతస్తుల ధరే కింది ఇళ్లను నడుపుతోంది కాబట్టి రాజీపడ్డాం. కేటాయింపు మాత్రం లాటరీతో చేయనివ్వలేదు. లోపలి ప్లాన్లు ఖరారు కాకముందే సంఘంతో కూర్చుని, పాత బ్లాకులో ఒకే మెట్ల దారి వాడిన కుటుంబాలను ఒకే అంతస్తులో, లేదా పైకిందా అంతస్తుల్లో పెట్టాం. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లే అలవాటు ఏ డ్రాయింగులోనూ ఉండదు. అది పోతే ఆ లోటు దేనితోనూ తీరదు. కారిడార్ పొట్టిగా, చివర కిటికీతో ఉండటం కూడా దాని కోసమే. ఏడు గుమ్మాలు ఒక చూపులో కనపడతాయి.

మంట

ఇది క్లుప్తంగా. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. 24 అంతస్తులకు ఒకటే మెట్ల దారి. అంతకుముందు ఏడాదే ముగిసిన రీఫర్బిష్‌మెంటులో బిగించిన, ప్లాస్టిక్ నింపిన అల్యూమినియం క్లాడింగ్ వెంట మంట బయటి నుంచి పాకింది. గమనించాల్సిందేమిటంటే అది కూడా పాత నివాసాలను 'బాగుచేసిన' ప్రాజెక్టే. మా టవర్‌లో గోడ బయటిపొరలన్నీ మండనివే, ఇన్సులేషన్ మినరల్ ఊల్. మెట్ల దారులు రెండు, కోర్‌కు చెరో చివర, ఒకదాని పొగ ఇంకోదానికి చేరకుండా. ప్రతి ఫ్లాటులో స్ప్రింక్లర్. నాలుగు లిఫ్టుల్లో రెండు, మంట సమయంలోనూ నడిచే ఎవాక్యుయేషన్ లిఫ్టులు. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకు 20వ అంతస్తు ఇచ్చి, మంట వస్తే మెట్లు దిగమని చెప్పలేం. ఖర్చు తగ్గించే మీటింగుల్లో ఈ పేరాలో ఉన్న దేన్నీ చర్చకు పెట్టకూడదని క్లయింటుతో మొదటే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాం. ఆ కాగితం చాలాసార్లు పనికొచ్చింది.

జనం మధ్య కట్టడం

బాయిలర్ హౌస్ కింద నేల నిండా బూడిద, మర్చిపోయిన నూనె ట్యాంకు ఒకటి. మట్టి తీసి శుద్ధికి పంపడం షెడ్యూల్‌లో అనుకున్నదానికంటే పెద్ద భాగం తిన్నది. పైల్స్ (లోతుగా దింపే పునాది స్తంభాలు) కొట్టి దించితే పక్క బ్లాకు ప్యానెల్ జాయింట్లు అదురుతాయి కాబట్టి బోరు వేసి పోసిన పైల్స్ మీద రాఫ్ట్ (మందపాటి పునాది పలక). పక్క గోడలకు కంపనాల మీటర్లు పెట్టి, రీడింగును సంఘం నోటీసు బోర్డులో రోజూ అంటించాం. అంకెలు చదివేవాళ్లు తక్కువే, కానీ అంటించడం ఆగిన రోజు ఫోన్లు వచ్చేవి. క్రేన్ చేయి ఇళ్ల మీదుగా తిరగకూడదు. అందుకే చేయి పైకెత్తి ముడుచుకునే లఫింగ్ క్రేన్ తెప్పించాం, అద్దె ఎక్కువైనా సరే.

ఇళ్లు మారే వారాల్లో లిఫ్టు పెద్ద సమస్య అవుతుందని ముందే లెక్కగట్టి, బీరువా, మంచం నిలువుగా పట్టే పెద్ద లిఫ్టును సామాన్లకే వదిలేశాం. ఒక్కో కుటుంబానికి పూట కేటాయించాం. పాత ఇంటి తాళం అప్పగించడానికి రెండు వారాల గడువు ఇచ్చాం. ఒకే రోజు ఖాళీ చేయమంటే అది మారడం కాదు, వెళ్లగొట్టడం.

దిగాక

బాల్కనీలు అనుకున్నదానికంటే బాగా వాడుతున్నారు. ఒకటిన్నర మీటర్ల లోతు, గోడ లోపలికి ఉన్నవి కాబట్టి 30వ అంతస్తులో కూడా బట్టలు ఎగిరిపోవు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ ఆ ఎత్తులో అలంకారమే. చాలామంది అక్కడ బల్ల వేసి పిల్లల చదువు గదిగా చేసుకున్నారు. మధ్య గోడలో వదిలిన గుమ్మాలను కొన్ని జతల ఫ్లాట్లలో అప్పుడే తెరిచారు.

లిఫ్టుల మీద ఎవరూ ఊహించనంత బరువు పార్సిళ్ల నుంచి వస్తోంది. లిఫ్టు లెక్కలన్నీ ఉదయం ఆఫీసుకు, స్కూలుకు దిగే రద్దీ మీద ఆధారపడి ఉంటాయి. ఇప్పుడు సాయంత్రం డెలివరీ మనుషులు ఒక్కో అంతస్తులో దిగి ఎక్కుతుంటే, రెండో రద్దీ పుట్టింది. నేల అంతస్తులో ఖాళీగా ఉన్న ఒక వాటాను సంఘమే పార్సిల్ గదిగా మార్చుకుంది. చిన్న వాటాలు ఉండటం ఇందుకూ పనికొచ్చింది.

మూడు పాత బ్లాకులు నేలమట్టమయ్యాయి. తర్వాతి దశకు ప్లాన్లు నడుస్తున్నాయి. ఆరు నుంచి ఎనిమిది అంతస్తుల ఇళ్లు, నడుమ పెద్ద ఆవరణ. ఇక్కడ ఇక టవర్ అక్కర్లేదు, ఎందుకంటే జనం కదలాల్సిన పని లేదు. ఎనిమిది దాటుదామని ఫైనాన్స్ టీమ్ మళ్లీ అడిగింది. మార్చి 21 నాటి రెండు గంటల ఎండ లెక్క ఎనిమిదో అంతస్తు దగ్గరే ఆగిపోతోందని డ్రాయింగు పంపాం. జవాబు ఇంకా రాలేదు.